రెండు సీట్లు

"ఇప్పుడు లేచావంటే ఆ సీటు నాది. తర్వాత ఏడవొద్దు," అన్నాడు నార్బర్ట్.

"తీసుకో అన్నా. నా కాళ్ళు ఉన్నాయో ఊడాయో కూడా తెలియడం లేదు," అన్నాడు ఎల్మర్. బ్రాందీ సీసా మూత తిప్పడానికి చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత రాలేదు.

"నాన్న వీలునామాలో ఏం రాశాడు? ఆట అయ్యేదాకా కూర్చోలేనివాడి ఏటేటి టిక్కెట్టు రెండోవాడికి. ఈ గ్రీన్‌బే ఊళ్ళో సీటు కోసం పేరు రాయించుకుని, అది రాకుండానే పోయినవాళ్ళు ఎంతమందో తెలుసురా నీకు?"

"నాన్న సున్నాకి పదమూడు డిగ్రీల కింద కూర్చోలేదుగా!"

పందొమ్మిది వందల అరవై ఏడు డిసెంబరు ఆఖరి రోజు. ఈలలు పెదవులకి అతుక్కుపోతుంటే రిఫరీలు నోటితోనే అరుస్తున్నారు. నేల గాజుపలకలా ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఆటలో ఇంకా అయిదు నిమిషాలు కూడా లేవు. డల్లాస్ వాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు. బంతి పట్టుకుని మన ఊరి జట్టు ప్యాకర్స్ దాదాపు మైదానమంతా దాటి చివరి గీత చేరాలి. నించోబోతేనే జారిపడుతున్నారు.

"ఓడిపోయే ఆట కోసం వేళ్ళు పోగొట్టుకోను. కార్లో ఉంటా."

"పోరా పో! కాగితం మిల్లులో ఆవిరి పక్కన నించుని నించుని ఉడికిన బంగాళాదుంపవయ్యావు!"

వెనక వరసవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వుకి ఒళ్ళు మండి, ఎల్మర్ ఒళ్ళో దుప్పటి విసిరికొట్టి మెట్లు దిగిపోయాడు.

కారు స్టార్టు కాలేదు. అద్దాలన్నీ మంచు పట్టి తెల్లగా మూసుకుపోయాయి. చేతి తొడుగులు దుప్పటితోపాటే సీటు దగ్గర పడిపోయాయని అప్పుడు తెలిసింది. చేతులు చంకల్లో దోపుకుని రేడియో పెట్టాడు.

రేడియోలో మనవాళ్ళు కదిలారు. గజం గజం జరుపుకుంటూ వస్తున్నారు. ఎల్మర్‌కి వెనక్కి పరిగెత్తాలనిపించింది. గేటు దాటినవాణ్ణి మళ్ళీ రానివ్వరు. ఇంకా పదహారు సెకన్లు. గీత మూరెడు దూరం. బయట ఎవడో దరిద్రుడు కార్ల అద్దాలు గరగరా గీకుతున్నాడు. ఎల్మర్ రేడియో పెంచాడు.

"బంతి ఎవరికీ ఇవ్వలేదు! ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ తనే పట్టుకుని దూకేశాడు! గెలిచాం!"

స్టేడియం అరుపుకి కారు అదిరింది. ఎల్మర్ రేడియో కట్టేసి స్టీరింగు మీద తల ఆనించాడు. అయిదు నిమిషాలు. ఈ చలిలో మూడు గంటలు కూర్చున్నవాడు ఇంకో అయిదు నిమిషాలు కూర్చోలేకపోయాడు.

జనం బయటికి పోటెత్తారు. కాసేపటికి తలుపు లాగి నార్బర్ట్ పక్క సీట్లో కూలబడ్డాడు. కనుబొమల నిండా మంచు.

ఎల్మర్ టిక్కెట్టు తీసి చాపాడు. "తీసుకో అన్నా. ఇకమీదట నేనడగను. ఎలా గెలిచామో మాత్రం చెప్పు. నువ్వు చూసినట్టే చెప్పు."

నార్బర్ట్ చెయ్యి చాపలేదు. తెల్లబడ్డ ముందద్దం వైపు చూస్తూ చెప్పాడు. "ఏముంది? వెనక నించున్న ఆ దున్నపోతులాంటివాడి చేతిలో బంతి పెట్టారు. వాడు తల వంచుకుని అందర్నీ తోసేసి గీత దాటేశాడు. కళ్ళారా చూశాను. జన్మకి చాలు."

"వాడికా ఇచ్చింది?"

"మరి? అలాంటప్పుడు ఎవరైనా వాడికేగా ఇచ్చేది!"

ఎల్మర్ అన్న చేతుల వైపు చూశాడు. తొడుగుల వేళ్ళ కొసలు అరిగి చిరిగిపోయాయి. చిరుగుల్లో తెల్లటి మంచుపొడి.

"ఎన్ని కార్లు గీకావన్నా?"

"మంచులో అన్నీ ఒకేలా ఉన్నాయిరా," అంటూ నార్బర్ట్ కోటు లోపల్నుంచి, ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉన్న ఎల్మర్ చేతి తొడుగులు తీసి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు.