వాగు దాటిన ముగ్గురు

వాగు పొంగి దిబ్బ అంచుల్ని కోసేస్తోంది. దిబ్బ మీద కుందేలు, ఉడుత, ముంగిస చిక్కుకుపోయాయి. కాపాడటానికి వచ్చిన తాబేలు వీపు మీద ఇద్దరికే చోటుంది.

"నేనూ ఉడుతా వెళ్లాలా, ఉడుతా నేనూ వెళ్లాలా? ముంగిసా నేనూనా, నేనూ ముంగిసానా? ఉడుతా ముంగిసా, ముంగిసా ఉడుతా కూడా కలిపితే, అమ్మో, మొత్తం ఆరు రకాలు!" అంటూ కుందేలు అటూ ఇటూ గెంతసాగింది.

"ఎవరు ముందెక్కినా నేను మోసేది ఆ ఇద్దరినే. ఆరు కాదు, మూడే. ఎక్కండి!" అని తాబేలు కసిరింది.

కుందేలూ ఉడుతా ఎక్కాయి. రెండో విడతలో ముంగిస కూడా ఒడ్డు చేరింది. అక్కడి నుంచి పైకి పోవాలంటే ఇరుకైన బండ సందులో ఒకరి వెనక ఒకరు దూరాలి. నీళ్లు వెనకే తరుముకొస్తున్నాయి.

"ఎవరు ముందైతే ఏం, నువ్వే అన్నావుగా!" అంటూ కుందేలు సందులో తల పెట్టబోయింది. లోపల ఏదో బుస్సుమంది.

"ఆగు! అది నా వీపు, ఇది పాముండే సందు. ఇక్కడ వరుస చూసుకోవాలి. ముంగిసా, ముందు నువ్వు పద!"

ముంగిసను చూడగానే పాము పక్క పగుల్లోకి జారుకుంది. ముగ్గురూ పైకి చేరారు.

"నేను ముందు దూరి ఉంటే?" అని కుందేలు కిందికి కేకేసింది.

"అప్పుడూ లోపలికి వెళ్లేది మీ ముగ్గురే. బయటికి వచ్చేది ఇద్దరే," అంది తాబేలు.