కునుక్ చేతి తొడుగులు

"ఆపాకక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. అలూకిని బతికించు!"

"నా కాళ్లొదిలి నీళ్లు కాచు," అంది ఆపాక్, గుమ్మంలో మంచు దులుపుకుంటూ.

ఉజరాక్ పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు. లోపల భార్య అలూకి నొప్పులు పడుతోంది. మంచు తుఫానుకు డాక్టరు విమానం రాలేదు. ఊళ్లో ఉన్న మంత్రసాని ఆపాక్ ఒక్కతే. ఆమెకు తాను చేసిన ద్రోహం అతనికి తెలుసు.

నిరుడు ఉజరాక్ ఆమె భర్త కునుక్‌తో కలిసి తెల్లకొండకు వేటకెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు. మంచు విరిగిపడిందన్నాడు. ఊరంతా నమ్మింది. ఆపాక్ నమ్మలేదు. ఆమె భర్తకు కుట్టిచ్చిన తెల్ల ఎలుగు తోలు తొడుగులు ఉజరాక్ చేతులకున్నాయి. శవం ఇంకా ఆ కొండ మీదే ఉంది. అటు తిరిగి ఆమె శాపనార్థాలు పెట్టని రోజు లేదు.

"కాలు విరిగింది కదూ మా ఆయనకి?"

ఉజరాక్ నీళ్లగిన్నె దించాడు. "ఇద్దరం చచ్చేవాళ్లం అక్కా. కుక్కల బండి మీద చోటు..."

"మాంసానికి ఉందీ, మనిషికి లేదూ? బతికుండగానే తొడుగులు ఊడబీక్కున్నావు కదరా, పాపిష్టోడా!"

"నన్ను చంపు. దాన్నేం చెయ్యకు."

"ఛీ! మా నాన్నని నేనే చంపుకుంటానా?"

నిజమే. ఆపాక్ తండ్రి పోయాక పుట్టిన పిల్ల అలూకి. అప్పటి మంత్రసాని ఆయన పేరే పెట్టింది. పేరుతో పాటు పోయిన మనిషే తిరిగొస్తాడని ఆ ఊరి నమ్మకం. అందుకే తనకన్నా ఎంతో చిన్నదాన్ని ఆపాక్ "నాన్నా" అని పిలుస్తుంది, వేటలో మొదటి ముక్క ఆమెకే పంపుతుంది.

"మరి నన్నేం చేస్తావు?"

"కునుక్‌కి అప్పజెప్తా. కొండ దిగొస్తున్నాడు. నీ ఇంట్లోనే ఉంటాడు. నీ చేత్తో నువ్వే తినిపించాలి. బతికినన్నాళ్లూ ఆ మొహం చూస్తూ ఏడవాలి."

గాలి తలుపును బాదుతోంది. ఉజరాక్ ఉలిక్కిపడి అటు చూశాడు. "పిచ్చెక్కిందా అక్కా నీకు?"

అలూకి గట్టిగా అరిచింది. ఆపాక్ లోపలికి పరుగెత్తింది. "ఇంకొక్కసారి నాన్నా, ఇంకొక్కసారి!"

చాలాసేపటికి పసి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లి క్షేమం.

ఉజరాక్ కళ్లు తుడుచుకుని, తొడుగులు తెచ్చి చాపాడు. "నీవి నువ్వు తీసుకో అక్కా. ఇక పగ వదిలెయ్."

"నావెందుకవుతాయిరా?"

ఆపాక్ ఆ చిట్టిచేతులు రెండూ తొడుగుల్లో దూర్చి, బిడ్డను అతని ముందుకు చాపింది.

"ఎత్తుకోరా నీ కూతురు కునుక్‌ని."