గోరీకి రావాల్సిన జాగా

"తాళం తియ్, పెద్దమనిషీ." సుదర్శన్ గొంతు పెంచలేదు. సారయ్యకు అదే ఎక్కువ భయమనిపించింది.

దవాఖాన ముందు వికలాంగుల బండ్లకని పసుపు గీతలు గీసిన జాగాలో సుదర్శన్ కారు ఉంది. ట్రాఫిక్ పోలీసులు తనలాంటి వాలంటీర్లకిచ్చిన గొలుసును సారయ్య దాని చక్రానికి బిగించి తాళం వేశాడు.

"గీ జాగ నీది కాదు సారూ. గీ బిడ్డది."

మూడు చక్రాల స్కూటీ మీద ఎండలో ఆగిన గోరీ తల వంచుకుంది.

"తాళం తియ్యి బాపూ. మా తండాకు నీళ్లొచ్చే బోరు గీ సారుదే. నువ్వు పొద్దుమీకితే ఇంటికి పోతవ్. నేను గాడనే బతకాలె."

ఇంతసేపూ ఆమెకు సాయం చేస్తున్నాననుకున్న సారయ్య, వంగి తాళం తీశాడు.

సుదర్శన్ కారు తలుపు తెరుస్తూ ఆప్యాయంగా అడిగాడు. "గోరీ, ఇంట్ల నీళ్లు పట్టి పెట్టుకున్నరా? రేపటి సంది మోటరు నడవదు."

"తాళం తీసినంక గూడ నీళ్లు బంద్ వెడ్తవా సారూ?" గోరీ ఫోన్ బయటికి తీసింది.

"గొలుసు మల్ల బిగియ్యి బాపూ," అంది. "పోలీసులకు నేనే ఫోన్ చేస్త."

ఆమె నంబరు నొక్కింది. సారయ్య తాళం వేసి, ఆమెకూ సుదర్శన్‌కూ మధ్య వెళ్లి నిలబడ్డాడు.