పదకొండు వేల కార్డులు

లైబ్రరీ గేటు దగ్గర పొద్దుతిరుగుడు గింజలమ్మే ముసలమ్మ ఆ రోజు మెట్లెక్కి లోపలికొచ్చింది.

కంప్యూటర్ ముందున్న గుల్జాత్ తలెత్తి, చలిగా ఉంటే పొయ్యి పక్కన కూర్చోమంది.

ముసలమ్మ కూర్చోలేదు. మూలనున్న గోనెసంచులు చూపించి, అవెక్కడికి పోతున్నాయని అడిగింది.

పుస్తకాల వివరాలు రాసిన పాత కార్డులవి. మొత్తం పదకొండు వేలు. గుల్జాత్ రెండేళ్ళు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించేసింది. ఇక అవి చెత్తకుప్పకే.

"పారేయకమ్మా," అంది ముసలమ్మ. "ఈ దేశంలో లిపి రెండుసార్లు మారింది. మార్చిన ప్రతిసారీ ఇదే ఆఖరన్నారు."

మా కిర్గిజ్ ఊరు కారకోల్‌లో ఉచిత సలహాలకేం కొదవ! గుల్జాత్‌కు నవ్వొచ్చింది.

"అవ్వా, గింజల సంగతి నువ్వు చూసుకో. అక్షరాల సంగతి నేను చూసుకుంటా."

ముసలమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే పొట్లాలకు నాకిచ్చెయ్," అంది.

పీడ విరగడైందనుకుంది గుల్జాత్. అంత గట్టి కార్డు పొట్లం చుట్టడానికి పనికిరాదన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు. ముసలమ్మ చేతిబండి మీద నాలుగు విడతల్లో అన్నీ తీసుకెళ్ళింది.

ఆ చలికాలం రాజధాని నుంచి కొత్త పద్ధతి వచ్చింది. దేశంలోని లైబ్రరీలన్నిటికీ ఇక ఒకే జాబితా. యంత్రానికి అక్షరమంటే ఒక అంకె. రష్యన్‌లో లేని మా అక్షరాలకు పాతదాంట్లో ఒక అంకె, కొత్తదాంట్లో ఇంకొకటి. మార్పిడి ఒక్క పూటలో అయిపోయింది. రష్యన్ పుస్తకాల పేర్లు చెక్కుచెదరలేదు. కిర్గిజ్, ఉయ్గుర్ పేర్లలో మాత్రం ఆ అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. అప్పటికే పాత యంత్రంలో ఉన్నవన్నీ చెరిపేశారు.

కార్డులు చూసి సరిచెయ్యమన్నాడు డైరెక్టర్. లేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నాడు.

గుల్జాత్ గేటు దగ్గరికి పరుగెత్తింది. ముసలమ్మ లేదు. ఎన్నాళ్ళుగా రావడం లేదో కూడా తను గమనించలేదు. పక్కనే రొట్టెలమ్మే ఆవిడ ఇంటి గుర్తులు చెప్పింది.

ఆ ఇంటికి వెళ్ళేసరికి నలభయ్యో రోజు ప్రార్థన జరుగుతోంది. ముసలమ్మ పోయిందని అక్కడే తెలిసింది. ఆమె చెల్లెలు టీ పోసి రొట్టె పెట్టింది. కార్డుల మాట ఎత్తగానే లేచి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

ఆపిల్ పెట్టెల్లో పదకొండు వేల కార్డులూ వరుస తప్పకుండా ఉన్నాయి. ఒక్కటి కూడా పొట్లం కాలేదు.

గుల్జాత్‌కు ముందు కలిగింది సంతోషమే. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం వదల్లేదు.

"ఇన్నాళ్ళూ ఆవిడ పేరైనా అడగలేదు, పిన్నీ," అంది. "ఇవన్నీ ఎందుకు దాచింది?"

చెల్లెలు ఆమెను వింతగా చూసింది.

"దాచుకోదూ మరి? జీతాలు ఆగిపోయి బయటికొచ్చేదాకా, నువ్వు కూర్చునే కుర్చీలోనే ముప్ఫయ్యేళ్ళు కూర్చుని ఇవన్నీ రాసింది అక్కే కదమ్మా."