చుట్టసేపు

చిన్నపోలయ్య వల పైకి లాగాడు. కొత్త నైలాను వలలో పిడికెడు చేపలు కూడా లేవు.

“మళ్ళా తొందరపడినావు బావా,” అన్నాడు పడవలో ఉన్న బామ్మర్ది మాల్యాద్రి.

పులికాట్ సరస్సు మీద వాళ్ళకు గడియారాలు లేవు. వల నీళ్ళలోకి వదిలి చుట్ట ముట్టించాలి, అది కాలి పెదవికి సెగ తగిలాక వల లాగాలి. దగ్గు ముదిరి పోలయ్య చుట్ట మానేసి ఐదు నెలలైంది. అప్పటినుంచీ అతనికి లెక్క తప్పిందని ఊరంతా అనుకుంటోంది.

మళ్ళీ వల వదిలారు. ఈసారి మాల్యాద్రి తనే చుట్ట ముట్టించాడు. “నేను తాగతా. ఇది అయిపోయినాక లాగుదువులే.”

పొగ మొహానికి తగిలింది. పోలయ్య చేతులు అప్పుడే వలతాడు మీదికి పోయాయి.

“ఆర్పెయ్‌రా. నాకు లెక్క తప్పలా. వల వదిలినప్పుడల్లా లేని చుట్ట తాగతానే ఉండా. సగం దాకా ఓర్చుకుంటా. మిగతా సగం ఊరికే కూచోలేక వల లాగేస్తా ఉండా.”

మాల్యాద్రి చుట్టను నీళ్ళలో పడేశాడు. లేచి వచ్చి వలతాడు మీద కూర్చున్నాడు.

చాలాసేపటికి అడిగాడు. “ఇంకెంత ఉంది బావా?”

పోలయ్య కళ్ళు మూసుకుని చెప్పాడు. “సగం.”