పాటల పుస్తకాల కట్ట

లక్ష్మీపతి చేతిలో అప్పటికి మిగిలినవి మూడు: ఢిల్లీ జియా సరాయ్‌లో అద్దెకు తీసుకుని మూసేసిన సోఫాల షోరూము, అమ్ముడుపోని ఎనభై కుర్చీలు, పాటల పిచ్చి ఉన్న బావమరిది. నెలాఖరులోగా ఆ హాలు నింపే దారి దొరక్కపోతే తాళాలు ఓనరుకు అప్పగించాలి.

దారి బావమరిది నాగభూషణమే చూపించాడు. ఇరవై ఏళ్ల కిందటి ఒక పల్లెపాటల సినిమా అంటే అతనికి ప్రాణం. రేడియోలో పాడాలని డప్పు పట్టుకుని పట్నం బయల్దేరిన ఒక గాయకుడి కథ. స్టేజి హక్కులు చవగ్గా వచ్చాయి. తొమ్మిది పాటలతో సంగీత నాటకం తయారైంది. ఆర్.కె. పురం నుంచి హారిక అనే అమ్మాయి వచ్చి పాడటానికి ఒప్పుకుంది. పాటల పుస్తకాలు అచ్చువేయించి గుమ్మం దగ్గర పెట్టారు. టికెట్టు ఒక చాయ్ ఖరీదు. మే నెలలో, రెండు ఏసీలూ వేసి, తెర తీశారు. షోరూము లైట్లన్నిటికీ ఒకటే స్విచ్చు కావడంతో ఆడేవాళ్లతో పాటు చూసేవాళ్లూ వెలుగులోనే ఉన్నారు.

మొదటిరోజు చుట్టాలూ స్నేహితులూ వచ్చి ఇంటర్వెల్లో వెళ్లిపోయారు. రెండోరోజు చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే కోచింగ్ పిల్లలు పదకొండుమంది. మూడోరోజు ముప్ఫై. ఐదోరోజుకు కుర్చీలన్నీ నిండాయి. వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారు. రోజూ ఎవరి కుర్చీలో వాళ్లే కూర్చున్నారు.

నాగభూషణం తెర సందులోంచి చూసి కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్కడైనా తల ఎత్తుతున్నాడా బావా? ఒళ్లో పాటల పుస్తకం పెట్టుకుని ఎలా లీనమైపోయారో."

లక్ష్మీపతి వెళ్లి, వెనక వరసలో కాసేపు నిలబడి వచ్చాడు. "చూశాను," అన్నాడు.

ఆరోరోజు స్నిగ్ధ అనే అమ్మాయి తోటివాళ్ల తరఫున వచ్చింది. "అంకుల్, అంతా బాగుంది. ఆ డప్పు ఒక్కటి తీసేస్తారా? ఫ్లో దెబ్బతింటోంది."

నాగభూషణానికి ప్రాణం చివుక్కుమంది. కథ నడిచేదే డప్పు మీద. "ఎనభైమంది రసికులు అడిగితే కాదంటావా?" అన్నాడు లక్ష్మీపతి.

డప్పు పోయింది. మర్నాడు బృందగానం వద్దన్నారు. తర్వాత హార్మోనియం. చీకటి సీనులో లైట్లు ఆర్పొద్దన్నారు. ఇంటర్వెల్ ఎత్తేయమన్నారు. పొద్దుటి ఆట కూడా వేస్తే బాగుంటుందన్నారు. పాట తగ్గినకొద్దీ జనం పెరిగారు. మెట్ల మీద కూడా చోటు లేదు.

తొమ్మిదోరోజుకు హారికకు మిగిలింది ఒక్క పాట. అదీ గొంతు తగ్గించి పాడమన్నారు. "ఊరికే నిలబడ్డానికి నేనెందుకంకుల్, దిష్టిబొమ్మ చాలు," అని ఆమె మెట్రో ఎక్కేసింది.

నాటకం అక్కడితో ఆగింది. హాలు నిండి ఉండగా ఆగిపోయిన నాటకం లోకంలో తనదొక్కటేనని నాగభూషణం కుమిలిపోయాడు. "నిన్ను ముంచేశాను బావా. తాళాలిచ్చేద్దాం."

"నువ్వెళ్లి పడుకో," అన్నాడు లక్ష్మీపతి. "తాళాల సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు పొద్దున్నే అతను, ఒక్కటీ అమ్ముడుపోక విప్పకుండానే ఉన్న పాటల పుస్తకాల కట్ట మీదికెక్కి, గుమ్మానికి కొత్త బోర్డు తగిలించాడు: 'ఏసీ రీడింగ్ రూమ్. పాత ప్రేక్షకులకు ఎవరి కుర్చీ వాళ్లదే.'