గేటు దగ్గర చెప్పులు

ప్రసన్నకుమారి తడిగుడ్డతో చెప్పులు తుడుస్తోంది. అవి జయపాల్‌వి.

తుడిచి, తీసుకెళ్లి గేటు దగ్గర పెట్టింది. రోజూ ఇదే పని. మొదట్లో మంచం పక్కనే పెట్టేది. తర్వాత గడప దగ్గర. ఆ తర్వాత నీళ్లతొట్టి దగ్గర. చెప్పులు ఎక్కడుంటే జయపాల్ అక్కడిదాకా నడిచి వెళ్లి వేసుకోవాలి. ఎవరూ పట్టుకోకూడదు. గేటే ఆఖరిది.

టమోటా బాక్సుల ట్రాక్టర్ తిరగబడి అతని కుడికాలు మోకాలి కింద పోయి ఎనిమిది నెలలైంది. చర్చివాళ్లు ఆటో మాట్లాడి కర్నూలుకు తిప్పారు. అక్కడే పెట్టుడు కాలు వేశారు. పట్టుకుని నడవడానికి పక్కింటి సోమన్న వాకిట్లో వెదుర్లు కట్టాడు. తొట్టి దాకా వచ్చాడు జయపాల్. గేటు మాత్రం పదిహేను రోజులుగా అందడం లేదు.

"ఈపొద్దు నొప్పి ఉండాది" అన్నాడు మంచం మీది నుంచి.

"నిన్నా అదే మాట."

"రేపు నడుస్తాలే."

ప్రసన్న వసారాలో కూర్చుంది. లేచింది. రాత్రి తను పరుచుకున్న చాప చుట్టింది. విప్పి మళ్లీ చుట్టింది. రోడ్డు మీద పత్తికొండ బస్సు హారన్ వినపడితే అటు చూసింది.

గోడ అవతలి నుంచి సోమన్న తల పైకెత్తాడు.

"ఏమప్పా జయపాలూ, మీ ఇంటి గేటు కర్నూల్లో ఉండాదా ఏంది? ఇన్ని దినాలైనా చేరలేదే!"

జయపాల్ నవ్వలేదు.

"వాన్ని తొందరపెట్టొద్దు ప్రసన్నా. ఇంగో నెల కానీలే" అంది పొయ్యి దగ్గరున్న అతని తల్లి విశ్వాసమ్మ. గొంతులో బతిమాలడం ఉంది.

ప్రసన్న బిందె తీసుకుని కొళాయికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి, పొద్దున తను నీళ్లు చల్లిన వాకిట్లో అడుగులు కనిపించాయి. ఒకటి లోతుగా, ఒకటి తేలిగ్గా. వెదుర్లకు చాలా ఎడంగా. గేటు దాకా వెళ్లి, చెప్పులు ముట్టకుండానే తిరిగొచ్చాయి.

ఆమె బిందె దించింది.

"ఈ అడుగులు ఎవురివి?"

జయపాల్ తల వంచుకున్నాడు. "నువ్వు కొళాయికే పోయినావా, లేదా అని... చూసేకి పోతి."

"అయితే నడిచేది వచ్చినా, రాదంటాండావు."

"భయం."

"పడతావనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"లెయ్యి" అంది ప్రసన్న.

లేచాడు. గడప దాటాడు. తొట్టి దాటాడు. ఒకచోట పక్కకు ఒరిగాడు. ప్రసన్న చెయ్యి ముందుకు లేచి, అక్కడే ఆగిపోయింది. అతను నిలదొక్కుకున్నాడు. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ అవతల సోమన్న చప్పట్లు కొట్టాడు.

గేటు చేరి, ఒక చెప్పులో కాలు పెట్టాడు. రెండోదాని ముందు చాలాసేపు ఆగాడు. ఆమె ముఖం వైపు చూశాడు. అదీ వేసుకున్నాడు.

మూడేళ్ల కిందటే అతని నుంచి విడాకులు తీసుకుని, కాలు పోయాక చూసుకోవడానికి వచ్చిన ప్రసన్నకుమారి, వసారాలో మేకుకు తగిలించిన తన సంచి భుజాన వేసుకుని, అతని పక్కనుంచే గేటు దాటి వెళ్లిపోయింది.